కొత్తకోటలో ఎన్ని అక్షరాలు?

ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే ప్రతివారికీ మొదటి నెలల్లోనే ఎదురయ్యే లెక్క ఒకటుంది. ఒక పదం ఇస్తారు. అందులో ఒకసారి వచ్చిన అక్షరం మళ్ళీ వస్తే తీసివేయాలి. మొదటిసారి వచ్చినవాటిని మాత్రం వచ్చిన వరుసలోనే ఉంచి చూపాలి. కాగితం మీద చేయమంటే మూడో తరగతి పిల్లవాడు కూడా వేలు పెట్టి చూసుకుంటూ చేసేస్తాడు. యంత్రానికి చెప్పవలసి వచ్చినప్పుడే "చూసుకుంటూ" అన్న మాటను విప్పి చెప్పవలసి వస్తుంది.

విప్పే పద్ధతులు రెండు. ప్రతి అక్షరం దగ్గరా ఆగి, వెనుక ఉన్న అక్షరాలన్నిటితోనూ దాన్ని పోల్చి చూడడం మొదటిది. ఎనిమిది అక్షరాల పదానికి ఇది చాలు. లక్ష అక్షరాల పుస్తకానికి ఇదే పద్ధతి పట్టుకుంటే పోలికలు దాదాపు 500 కోట్ల దాకా పోతాయి. రెండో పద్ధతిలో పక్కన ఒక పట్టిక పెట్టుకుంటాం. చూసిన అక్షరం గడిలో గుర్తు పెడతాం. కొత్త అక్షరం రాగానే దాని గడి చూస్తాం. గుర్తు ఉంటే వదిలేస్తాం, లేకపోతే గుర్తు పెట్టి రాసుకుంటాం. పుస్తకం ఎంత పెద్దదైనా ఒక్క చుట్టుతో పని తీరిపోతుంది. కొంచెం జ్ఞాపకం ఖర్చు పెట్టి బోలెడంత కాలం మిగుల్చుకోవచ్చునన్న పెద్ద పాఠం ఈ చిన్న లెక్కలో ఉంది. అందుకే గురువులకు దీనిపై అంత మక్కువ.

ఈ లెక్కకు మరో అర్థం కూడా ఉన్నదని మా మేనల్లుడి వల్ల తెలిసింది. మాది కొత్తకోట. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఆ రహదారిని వెనుక 7వ నంబరు అనేవారు. మా ఊరు కూడా వెనుక మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబరు నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. నంబర్లూ జిల్లాలూ మారినా ఊరి పేరు మాత్రం మారలేదు. మావాడు ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఉండగా ఈ లెక్క ఇచ్చారు. పిల్లలందరూ అచ్చుపుస్తకంలోని ఇంగ్లీషు పదాలు పెట్టి చూసుకున్నారు. వీడికి మాత్రం ఊరి పేరు పెట్టి చూడాలన్న బుద్ధి పుట్టింది. అదీ తెలుగులో.

ఆ రాత్రి ఫోను చేశాడు.

"మామా, మన ఊరి పేరు పలిగిపోయింది."

"పలిగిపోవుడేందిరా?"

"తెలుగుల కొత్తకోట అని కొడితే క ఒక్కటే వచ్చింది. దాని యెనక అన్నీ ప్రశ్నగుర్తులే. సారుకు చూపిస్తే తెలుగు ఎందుకు పెట్టినవు, కంప్యూటరుకు తెలుగు రాదు, ఇంగ్లీషుల పెట్టుకో అన్నడు."

"మరి ఇంగ్లీషుల పెడితే ఏమొచ్చింది?"

"కొత్త అని వచ్చింది మామా. కోట పోయింది."

నాకు నవ్వు వచ్చింది గానీ వాడు నవ్వలేదు. వాడి గొంతులో వినబడినది లెక్క తప్పిందన్న బాధ కాదు. తన భాష ఆ గదిలోకి చెప్పులు విడిచి రావలసినదేమోనన్న అనుమానం. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి మనసులో అలాంటి అనుమానం ఒకసారి నాటుకుంటే దాన్ని పెరకడం కష్టం. కనుక ఆ వారమంతా మేమిద్దరం ఫోనులోనే కొత్తకోటను ముక్కలు ముక్కలుగా విప్పి చూశాం. చూసినదంతా ఇక్కడ రాసిపెడుతున్నాను. యూనికోడు తొలిరోజుల నుంచి తెలుగు రాస్తున్న మీలో చాలామందికి ఇందులో సగం తెలిసినదే కావచ్చు. మిగతా సగం కోసం ఓపిక పట్టగలరు.

ముందు ఇంగ్లీషు సంగతి. కె, ఓ, టీ, హెచ్, ఏ, మళ్ళీ కె, ఓ, టీ, ఏ. మొత్తం తొమ్మిది అక్షరాలు. రెండోసారి వచ్చినవి తీసేస్తే మొదటి ఐదే మిగులుతాయి. చదివితే "కొత్త". నియమం ప్రకారం ఇది సరైన జవాబే. పరీక్షలో మార్కులు కూడా పడతాయి. కానీ ఏమి పోయిందో చూడండి. కోటలోని టకారం కొత్తలోని తకారానికి నకలు అన్నట్టుగా పోయింది. ఓకారం ఒకారానికి నకలు అన్నట్టుగా పోయింది. తకారానికీ టకారానికీ, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా చూపని లిపిలో మా ఊరి పేరును ముందే సగం చెరిపి రాసుకున్నాం. యంత్రం తక్కిన సగం చెరిపింది. ఇంగ్లీషులో చక్కగా వచ్చిందని సారు అనుకోవడానికి కారణం ఒక్కటే. అక్కడ జరిగిన నష్టం కంటికి కనబడదు. తెలుగులో కనబడుతుంది.

ఇక ఆ ప్రశ్నగుర్తుల సంగతి. వాడు రాసినది సీ భాషలో. ఆ భాషలో పిల్లలకు "అక్షరం" అని నేర్పేది నిజానికి ఒక బైటు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో ఇముడుతుంది. నేడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. కొత్తకోటలో ఎనిమిది గుర్తులున్నాయి కనుక 24 బైట్లు. కకారం 224, 176, 149 అనే మూడు బైట్ల వరుస. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు 224 మాత్రమే. రెండోది 176 గానీ 177 గానీ అవుతుంది. మావాడి ప్రోగ్రాము బైట్లను అక్షరాలనుకొని నకళ్ళను ఏరిపారేసింది. 24లో తొమ్మిది మిగిలాయి. మొదటి మూడూ కలిసి కకారమయ్యాయి. తక్కిన ఆరింటికీ ముందు ఉండవలసిన 224 లేదు. తలలు పోయి మొండేలు మిగిలాయి. ఆ మొండేలే తెరమీది ప్రశ్నగుర్తులు.

ఇందులోనే మరొక గోతి ఉంది. చాలా యంత్రాల మీద సీ భాషలోని బైటుకు రుణసంఖ్యలు కూడా ఉంటాయి. అప్పుడు 224 కాస్తా మైనస్ 32 అవుతుంది. 256 గడుల పట్టికలో మైనస్ 32వ గడి కోసం పోతే పట్టిక బయట ఎవరి జాగాలోనో కాలు పెట్టినట్టే. ఇంగ్లీషు అక్షరాలన్నీ 128కి లోపలే ఉంటాయి కనుక ఇంగ్లీషుతోనే పరీక్షించేవాడికి ఈ గోయి ఏనాటికీ కనబడదు. మావాడు ఈ గండం మాత్రం ముందే తెలుసుకొని దాటాడు.

"అయితే పైథానుల రాస్త మామా, దానికి యూనికోడు వస్తదట" అన్నాడు. రాశాడు. ముందు నకళ్ళు లేని సమితి ఒకటి చేశాడు. అందులో వరుస నిలవదు కాబట్టి అక్షరాలు చెల్లాచెదురైనాయి. తరువాత వరుస నిలిపే నిఘంటువు వాడాడు. 2018లో వచ్చిన 3.7 నుంచి ఆ భాషలో నిఘంటువు చేర్చిన వరుసను నిలుపుకుంటుందన్నది నియమమైంది. ఈసారి ప్రశ్నగుర్తులు రాలేదు. కానీ ఊరు బాగుపడలేదు. "కొత్ోట" అని వచ్చింది. మనందరం ఎరిగిన ఆ చుక్కల సున్న మధ్యలో ప్రత్యక్షమైంది.

ఎందుకో చూద్దాం. యూనికోడులో కొత్తకోట ఇలా ఉంటుంది: క, ఒత్వం, త, పొల్లు, త, క, ఓత్వం, ట. ఎనిమిది గుర్తులు. ఇందులో రెండో తకారమూ రెండో కకారమూ నకళ్ళని పోయాయి. పొల్లు మాత్రం ఎవరినో కలపడానికి చేయి చాచి నిలబడింది. వచ్చి కలవవలసిన తకారం లేదు. వెనుకనున్న ఓత్వం తన కకారాన్ని పోగొట్టుకొని ఆ పొల్లు మీద వచ్చి పడింది.

మా దిక్కున పొల్లు అంటే గింజ లేని తాలు. చేటలో పోసి చెరిగి పారేసేది. మన లిపిలో పొల్లు పని వేరు. వత్తులన్నిటినీ కట్టి ఉంచే దారం అదే. యూనికోడులో వత్తులకు వేరే సంఖ్యలు లేవు. 3072 నుంచి 3199 దాకా తెలుగుకు కేటాయించిన 128 గడులలో తకారం ఒక్కటే, తవత్తు లేదు. పొల్లు, 3149వ సంఖ్య, రెండు హల్లుల మధ్య నిలబడితే రెండోది వత్తుగా మారి కిందికి దిగుతుంది. 1991 నాటి మొదటి యూనికోడులోనే తెలుగుకు ఈ అమరిక వచ్చింది. అంతకు ముందు 1988లో మన దేశంలో చేసుకున్న ఇస్కీ సంకేతాల వరుసనే వారు అనుసరించారు. పాత పత్రికల ఖతులతో పోలిస్తే ఇది ఎంత మేలో మీకు వేరే చెప్పనక్కరలేదు. వాటిలో చాలావాటికి తలకట్టు కూడా ఒక విడి ముక్క. ఆ రోజుల్లో ఈ లెక్క చేసివుంటే మొదటి అక్షరం తప్ప తక్కినవన్నీ బోడితలలతో మిగిలేవి.

మావాడికి కుతూహలం పుట్టింది. హైదరాబాదు నుంచి ఊరికి వచ్చే దారిలోని పేర్లన్నీ వరుసగా ఆ ప్రోగ్రాముకు అప్పగించాడు. "హైదరాబాదు" బయలుదేరగానే "హైదరాబు" అయింది. షాద్‌నగర్ చివరి పొల్లు పోగొట్టుకొని "షాద్‌నగర" అయింది. జడ్చర్లలో రెండో పొల్లు పోయేసరికి కట్టు విడిపోయి "జడ్చరల" అయింది. భూత్పూరు "భూత్పరు" అయింది. అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు మూడింటికీ చుక్కల సున్నలే మిగిలాయి. కృష్ణ ఒడ్డున బీచుపల్లి కూడా అంతే. ఏటి అవతల కర్నూలు మాత్రం చెక్కుచెదరలేదు. అందులో ఏ గుర్తూ రెండోసారి రాదు మరి. పక్కదారిలోని దేవరకద్ర "దేవరక్" అయింది. చివరకు "తెలుగు" అని కొట్టి చూశాడు. రెండో కొమ్ము పోయి "తెలుగ" అని వచ్చింది.

"గీ లెక్క మన భాషను తెలుగు అని సుత పలకనిస్తలేదు మామా" అన్నాడు. ఈసారి మాత్రం నవ్వుతూనే అన్నాడు.

ఇక్కడ ఆగి వాడినొక ప్రశ్న అడిగాను. "కొత్తకోటలో ఎన్ని అక్షరాలురా?" తడుముకోకుండా "నాలుగు" అన్నాడు. కొ, త్త, కో, ట. ఇరవైనాలుగు అన్నది సీ. ఎనిమిది అన్నది పైథాను. తొమ్మిది అన్నది ఇంగ్లీషు. నాలుగు అన్నవాడు మనిషి. ఆ నాలుగింటిలో మళ్ళీ వచ్చినది ఏదీ లేదు. కనుక ఈ లెక్కకు జవాబు "కొత్తకోట". ఏమీ తీసివేయనక్కరలేదు.

మరి యంత్రానికి నాలుగని ఎలా చెప్పాలి? అనుకున్నంత కష్టం కాదు. పదాన్ని ఎడమ నుంచి చదువుతూ పోవాలి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, అరసున్న, విసర్గ, వీటిలో ఏది వచ్చినా ముందున్న అక్షరానికే చేర్చాలి. హల్లు వస్తే దానికి సరిగ్గా ముందున్నది పొల్లేమో చూడాలి. పొల్లయితే అదీ ముందుదానికే చేరుతుంది. కాకపోతే అక్కడ కొత్త అక్షరం మొదలవుతుంది. ఇలా అక్షరాల జాబితా సిద్ధమైనాక పాత లెక్కను ఆ జాబితా మీద నడపాలి. పది పన్నెండు పంక్తుల పని. ఈ పద్ధతిలో నడిపితే హైదరాబాదు నుంచి బీచుపల్లి దాకా ఒక్క ఊరు కూడా చెదరలేదు.

ఒక్క చిక్కు ఉంది. షాద్‌నగర్ రాసేటప్పుడు దకారపొల్లుకూ నకారానికీ మధ్య మనం కంటికి కనబడని ఒక గుర్తు పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. అది లేకపోతే నకారం కిందికి దిగి "షాద్నగర్" అవుతుంది. మన ప్రోగ్రాము ఈ గుర్తును ముందుదానికి చేర్చాలి గానీ పారవేయరాదు. అది ఉన్నప్పుడు ముందున్నది పొల్లు కాదు కనుక నకారం దానంతట అదే కొత్త అక్షరమవుతుంది. కనబడదు కదా అని దీన్ని చిన్నచూపు చూడకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను మూగబోయేట్టు చేసిన తెలుగు అక్షరం మీకు గుర్తుండే ఉంటుంది. జకారం, పొల్లు, ఞకారం, ఆ వెనుక ఈ కనబడని గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుస వచ్చిన సందేశం తెరవగానే ఆ అనువర్తనం కుప్పకూలేది. అదే నెలలో సవరణ వచ్చింది. ఆ రోజుల్లో ప్రపంచ పత్రికలన్నీ "ఒక తెలుగు అక్షరం" అని రాశాయి. దాన్ని పేర్చే లెక్కలోని లోపాన్ని అక్షరానికి అంటగట్టినట్టయింది.

యూనికోడువారికి కూడా మనిషి లెక్క తెలియక కాదు. చదువరి ఒక్కటిగా చూసే గుర్తుల గుంపును ఎలా విడదీయాలో వారు ఒక నియమావళి ఏర్పరిచారు. అందులో చాలాకాలం ఒక లోటుండేది. పొల్లు దగ్గర గుంపు తెగిపోయేది. త్త అన్నది త్, త అని రెండుగా లెక్కకు వచ్చేది. ఆ లెక్కతో "అత్త కత్తి" అని ఇస్తే రెండో త్ నకలని పోయి "అత్త కతి" అయ్యేది. 2023లో వచ్చిన 15.1 కూర్పులో ఆ నియమాన్ని సవరించి తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో పొల్లుతో కలిసిన హల్లులను ఒకే గుంపుగా చేశారు. 1991 నుంచి 2023 దాకా, ముప్పైరెండేళ్ళు. మా ఊళ్ళో బడిపిల్లలు పలకమీద చెప్పే లెక్కకు ప్రమాణం వచ్చి చేరడానికి అంతకాలం పట్టింది. ఆలస్యమైనా వచ్చింది. కంప్యూటరుకు తెలుగు రాదన్నమాట అందువల్ల కూడా నిజం కాదు. నేర్పినవారు నేర్పారు, నేర్చుకున్నంత నేర్చుకుంది.

ఇంతటితో కథ ముగిసిందనుకున్నాను. మావాడు వదలలేదు. "మామా, మమత అని పెడితే మత అని వచ్చింది. గలగల పెడితే గల వచ్చింది. గిది కరెక్టేనా?" లెక్క ప్రకారం ఒప్పే. కానీ గలగలలో రెండో గల నకలా? మన వ్యాకరణంలో దానికి ఆమ్రేడితమని పేరే ఉంది. రెండుసార్లు పలకబడినదానిలో రెండోదాన్ని అలా అంటారు. మువ్వ ఒక్కసారే "గల" అనదు. "మెల్లమెల్లగా" అన్నదాన్ని "మెల్లగా" చేస్తే అర్థం నిలుస్తుంది, నడక పోతుంది. "అప్పుడప్పుడు" అయితే "అప్పుడడు" అయి అర్థమూ పోతుంది.

అసలు ఏది ఏదానికి నకలు అన్న ప్రశ్న మన పెద్దలకు కొత్తది కాదు. ఛందస్సు చూడండి. ఉత్పలమాలకూ చంపకమాలకూ నాలుగు పాదాలలోనూ రెండో అక్షరం ప్రాసగా కుదరాలి. అక్కడ "అదే అక్షరం" అంటే హల్లు మాత్రం అదే కావాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. మొదటి పాదంలో ద్విత్వముంటే తక్కిన పాదాలలోనూ అదే ద్విత్వముండాలి. అంటే త్తకు త్తి ప్రాస అవుతుంది, త కాదు. యతి దగ్గరికి వస్తే ఈ సరిపోలిక మారిపోతుంది. అక్కడ అచ్చు కూడా కలవాలి. హల్లుల మధ్యన అయితే మైత్రి చాలు. అవధానంలో నిషిద్ధాక్షరి అంశం నడిపే పృచ్ఛకుడు అక్షరమక్షరానికీ తరువాత ఏది రాకూడదో చెబుతూ పోతాడు. మా దిక్కున గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలు ఇలాంటి విద్యలను ఆదరించినవి. పట్టికలో గుర్తు పెట్టుకుంటూ అక్షరాలను వదిలిపెట్టే విద్య మావాడి ప్రోగ్రాముకన్నా ముందే ఈ నేలమీద మనుషుల నోట నడిచింది. ఏ పనికి ఏది సమానమో ముందే తేల్చుకొని మరీ నడిచింది.

మావాడికి చివరకు చెప్పినది ఇదే. లెక్క తప్పు కాదు, తెలుగు తప్పు కాదు, ప్రశ్నలోని "అక్షరం" అన్న మాటకు అర్థం చెప్పకుండా వదిలేశారు. బైటా, గుర్తా, అక్షరమా, శబ్దమా అన్నది ముందు నువ్వు తేల్చుకో. తేల్చుకోకపోతే యంత్రం తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుంది, అది నీ భాష అయ్యే అవకాశం తక్కువ. రేపు వీడు ఏదో కార్యాలయంలో పేర్ల పట్టికలు శుభ్రం చేసే పనిలో కూర్చుంటాడు. ఆ పట్టికలో నాన్న, అమ్మ, మామ అన్న పదాలున్న పేర్లు వేలల్లో ఉంటాయి. నకళ్ళు తీసేశాననుకుంటూ ఎవరి పేరునైనా పలగ్గొడితే ఆ మనిషి పింఛను కోసం కిటికీ ముందు నిలబడి "అది నా పేరే" అని చెప్పుకోవలసి వస్తుంది. కొత్తకోట పలిగినందుకు కలిగిన నొప్పి వీడికి ఆ రోజు గుర్తుంటే చాలు.

వాడు తన పన్నెండు పంక్తుల ప్రోగ్రామును తరగతిలో చూపాడట. ఇద్దరు ముగ్గురు పిల్లలు తమ ఊళ్ళ పేర్లు పెట్టి చూసుకున్నారట. ఆ తరువాత ఇంకో సందేహం మోసుకొచ్చాడు. ఊళ్ళ జాబితాలో నకళ్ళు తీయమంటే ఏమి చేయాలి? మదనపల్లె దగ్గర బి.కొత్తకోట ఉంది. అనకాపల్లి దిక్కున రావికమతం దగ్గర ఒక కొత్తకోట ఉంది. ఇంకా ఎన్ని ఉన్నాయో. అక్షరం అక్షరం కలిసినా, అవి ఒకే ఊరు కావు. ఒకదాన్ని ఉంచి తక్కినవి తీసేస్తే అక్కడివారికి ఉత్తరం చేరదు.

దీనికి పన్నెండు పంక్తులు చాలవని చెప్పాను. పేరుతో పాటు మండలం, జిల్లా, పిన్‌కోడు కూడా కలిపి చూడాలన్నాను. వాడు ఇప్పుడు ఆ పనిలో ఉన్నాడు. మీ ఊరి పేరు కూడా ఒకసారి విప్పి చూడండి. బైట్లుగా, గుర్తులుగా, అక్షరాలుగా మూడు విధాలా లెక్కపెట్టండి. మూడూ ఒకటే అయిన తెలుగు ఊరు నాకు ఇంతవరకూ తగలలేదు. తగలదు కూడా.